నెట్‌వర్క్ పేర్లకు నిలకడ కావాలి

కండ్లకోయ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల నుంచి శామీర్‌పేట వైపు బిట్స్ పిలానీ క్యాంపస్, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ దాకా చదువు, పరిశోధన కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. ఇలాంటి చోట లినక్స్ సర్వర్లను చూసుకునేవారికి నెట్‌వర్క్ కార్డు పేరు చిన్న విషయం కాదు. ఒకప్పుడు కెర్నెల్ ఏ కార్డును ముందు గుర్తిస్తే అది ఈథ్0, తర్వాతది ఈథ్1. రెండు కార్డులున్న యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఈ వరుస తారుమారు కావచ్చు. ఫైర్‌వాల్ నియమాలు రాసేది పేరు మీద. లోపలి నెట్‌వర్క్‌కు ఇచ్చిన సడలింపు బయటి తీగకు వర్తిస్తే, పరిశోధన డేటాకు కాపలా పోయినట్టే.

అందుకే 2013 జనవరిలో, లినక్స్ యంత్రంలో సేవలను ప్రారంభించి నడిపే సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌డీ 197వ వెర్షన్ కార్డు ఉన్న చోటును బట్టి పేరు పెట్టడం మొదలుపెట్టింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే పీసీఐ మూడో బస్సు, సున్నా స్లాటు. ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. ఒక యంత్రాన్ని సిద్ధం చేసి, దాని డిస్కునే మిగతావాటికి కాపీ చేసే ల్యాబులకు దీనివల్ల మేలు ఎక్కువ. అంతకుముందు చాలా లినక్స్ పంపిణీల్లో, ఒక్కో కార్డుకు వేరుగా ఉండే మ్యాక్ చిరునామాకు, పేరుకు ముడివేసిన ఫైలు ఒకటి ఉండేది. కాపీ వెళ్లిన యంత్రం మ్యాక్ వేరు. ఈథ్0 పాత కార్డు పేరున ఉండిపోయి, అసలు కార్డు ఈథ్1 అయ్యేది, అమరికలు పనిచేసేవి కావు. ఒకే మోడల్ యంత్రాల్లో స్లాటు మాత్రం ఒకటే, కాబట్టి పేరూ ఒకటే.

ఒకే కార్డున్న విద్యార్థి ల్యాప్‌టాప్‌కు ఇంత గజిబిజి పేరెందుకన్న అభ్యంతరం న్యాయమైనదే. అక్కడ నెట్.ఇఫ్‌నేమ్స్=0 అని బూట్ సమయంలో చెప్పి పాత పేరు తెచ్చుకుంటే పెద్ద నష్టం లేదు. రెండు కార్డుల సర్వర్‌లో అదే చేస్తే పాత ప్రమాదాన్ని ఇంట్లోకి పిలిచినట్టు. రెండో అభ్యంతరం బలమైనది: కొత్త కార్డు పెడితే బస్సు సంఖ్య జరిగి, ముట్టుకోని కార్డు పేరూ మారవచ్చు. పైగా పేరు పెట్టే నియమమే మారుతోంది. 2018లో 239వ వెర్షన్ కొన్ని రకాల కార్డుల పేర్లను మార్చింది. అదే ఏడాది చివర 240వ వెర్షన్, ఏ కాలపు నియమం వాడాలో ఎంచుకునే వీలిచ్చింది. నా ఫిర్యాదు ఇక్కడే. ఇన్‌స్టాల్ చేసిన రోజున ఉన్న నియమాన్ని ఆ యంత్రం బతికినంతకాలం అట్టే పెట్టడం లినక్స్ పంపిణీదారుల బాధ్యత కావాలి. ఎంచుకునే వీలుందని తెలియని నిర్వాహకుడికి ఆ వీలు ఉన్నా లేనట్టే.

అంతవరకు సంస్థలే జాగ్రత్తపడాలి. సర్వర్‌లో ప్రతి కార్డుకు, దాని పేరును నిర్దేశించే సిస్టమ్‌డీ లింక్ ఫైలు రాసి, మ్యాక్ ఆధారంగా ‘లోపల0’, ‘బయట0’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ అక్షరాల పేర్లు ఖాయం చేయాలి. డిస్కు కాపీ చేసే ల్యాబుల్లో మాత్రం మ్యాక్ బదులు స్లాటు దారినే ఆధారం చేసుకోవాలి. ఈథ్0 అన్న పేరును తిరిగి పెట్టకూడదు, కెర్నెల్ తాను పెట్టే పేర్లతో అది ఢీకొంటుంది. వెర్షన్ పెంచే ముందు ఒక యంత్రంలో పరీక్షించి, పేర్లు నిలిచాకే మిగతావాటిని ముట్టుకోవాలి.