పోయింది కషాయం తాగక కాదు

2021 వేసవిలో కోవిడ్‌తో పోయినవాడి శవం ఇంటికి రాకముందే తీర్పులొచ్చేశాయి. "బయటి తిండి మానలేదు కదా!" "ఏనాడైనా నాలుగడుగులు నడిచాడా?" "ఇమ్యూనిటీ లేదు, అందుకే పోయాడు." భర్తను పోగొట్టుకుని మూలన కూర్చున్న ఆమె చెవిన పడేలాగే అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. సిగ్గుండాలి.

వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ వదిలి చుట్టుపక్కల కణాల్ని హెచ్చరిస్తుంది. 1957లోనే లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ కనిపెట్టిన సంగతి. కొందరి ఒంట్లో ఆ కబురు పక్కగుమ్మం చేరదు. 2020లో న్యూయార్క్ రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కాసనోవా బృందం, కోవిడ్‌తో చావుబతుకుల్లో ఉన్న 987 మంది రక్తం పరీక్షించింది. 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు! అందులో 95 మంది మగవాళ్లు. తేలిగ్గా గట్టెక్కిన 663 మందిలోనో? ఒక్కరికీ లేవు. కొందరికైతే కోవిడ్ రాకముందు తీసిన రక్తంలోనూ ఉన్నాయవి.

అంటే వీళ్లను ముంచింది యాంటీబాడీల కొరత కాదు, ఉండకూడని యాంటీబాడీలు ఉండటం. అల్లం, మిరియాలు మరిగించి ఏం పెంచుతారయ్యా, వాటినా? (మిరియాల చారు నాకూ ఇష్టమే. సీసాలో పోసి ప్రాణరక్ష అని అమ్మితేనే ఒళ్లు మండుతుంది.)

నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల అన్నదమ్ములు, అంతవరకూ నిక్షేపంగా ఉన్న నలుగురు యువకులు, కోవిడ్‌తో ఐసీయూ పాలయ్యారు. వైరస్‌ను పసిగట్టి ఆ ఇంటర్‌ఫెరాన్ కబురు పుట్టించే టీఎల్ఆర్7 జన్యువులో లోపం. అది ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగవాడికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే. అందులో తేడా వస్తే ఆదుకోవడానికి రెండోది లేదు. సూర్యనమస్కారాలు దాన్ని సరిచేస్తాయా?

షుగరు, ఊబకాయం ముప్పు పెంచుతాయి, నిజమే. అంతమాత్రాన పోయిన ప్రతివాడికీ బద్ధకస్తుడని ముద్ర వేస్తారా?

ఇది కోవిడ్‌తో ముగిసిన కథా కాదు. వెస్ట్ నైల్ వైరస్ మెదడుకెక్కిన రోగుల్లో దాదాపు 40 శాతం మందిలో ఇవే యాంటీబాడీలు దొరికాయి. డెబ్బై దాటాక ఇవి ఎక్కువవుతాయి కూడా. రక్తపరీక్షలో తేలే విషయమిది. మన జిల్లా ఆసుపత్రుల్లో ఎన్నింట్లో ఆ పరీక్ష ఉంది? ఆరోగ్య మంత్రులారా, చ్యవన్‌ప్రాశ్ డబ్బాలతో ఫొటోలు చాలించి దీనికి జవాబు చెప్పండి. పెద్దాసుపత్రుల్లోనైనా ఆ పరీక్ష పెట్టించండి. లోపం బయటపడ్డవాళ్లకి కోవిడ్ టీకా అందరికంటే ముందు వేయండి. వైరస్ సోకిందని తేలిన రోజే మందు మొదలుపెట్టించండి, ఊపిరి ఆడని రోజున కాదు.