గొట్టంలో పడుకుంటే తలనొప్పి పోతుందా?

పార్శ్వనొప్పి వచ్చిందంటే ఆ ఇంట్లో ఆ పూట పండగైనా పబ్బమైనా ఒకటే. కిటికీ తలుపులు మూసెయ్యాలి, టీవీ కట్టెయ్యాలి, పోపు ఘాటు వంటింటి గడప దాటకూడదు. నుదుటికి తడిగుడ్డ, మంచం పక్కన బకెట్టు. ‘తలనొప్పే కదా, కాస్త అమృతాంజనం రాసుకో’ అని ఎవరైనా సలహా ఇస్తే ఒళ్లు మండుకొస్తుంది. (1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ఆ మందుది తప్పేం లేదు పాపం. ఈ నొప్పి దారే వేరు.) ఆయుర్వేదం దీన్ని అర్ధావభేదకం అంది. సగం తల బద్దలయ్యే నొప్పి అన్నమాట. బాధంతా పేరులోనే ఉంది.

అలాంటి మనిషి చేతికి ఓ రంగుల కరపత్రం అందిందనుకోండి. ‘గాజు గొట్టంలో గంటసేపు పడుకోండి, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చండి, మైగ్రేన్‌కు గుడ్‌బై చెప్పండి’ అని! పది సిట్టింగులకో రేటు, ఇరవైకో ప్యాకేజీ. ఆశ పుట్టదూ మరి?

దీని పేరు హైపర్‌బేరిక్ ఆక్సిజన్ థెరపీ. మూసిన గదిలో పీడనాన్ని మామూలు కంటే రెండు, రెండున్నర రెట్లు పెంచి, అచ్చంగా ఆక్సిజన్ పీల్పిస్తారు. గోలీసోడా తెలుసుగా? గ్యాసును ఒత్తిడి పెట్టి నీళ్లలోకి ఎక్కిస్తారు. ఇదీ అంతే. మన రక్తంలో ఆక్సిజన్ దాదాపు అంతా హిమోగ్లోబిన్ మీదే సవారీ చేస్తుంది. 100 మి.లీ. రక్తంలో విడిగా కరిగి ఉండేది 0.3 మి.లీ. మాత్రమే. అదే పీడనం 3 రెట్లు చేసి ఆక్సిజన్ పీలిస్తే సుమారు 6 మి.లీ. కరుగుతుంది. ఒక్క దీంతోనే ప్రాణం నిలుస్తుందని బోరెమా అనే డచ్ సర్జన్ 1960లో నిరూపించాడు. ఎర్రకణాలు దాదాపు లేకుండా చేసిన పందిపిల్లల్ని ఇలాంటి గదిలో బతికించి చూపించాడు.

కాబట్టి ఇది బూటకపు వైద్యం కాదు. సముద్రం లోతు నుంచి గబగబా పైకొచ్చి రక్తంలో బుడగలు కట్టిన డైవర్లకు, బొగ్గుపొగ విషం ఎక్కినవాళ్లకు, ఎంతకీ మానని కొన్ని రకాల మధుమేహ పుండ్లకు ఇదో గట్టి చికిత్స. చిక్కల్లా ఎక్కడంటే, ఇన్నిటికి పనిచేసేది అన్నిటికీ పనిచేస్తుందనుకోవడం దగ్గరే. ఈ జబ్బు పాతదే. 1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కన్నింగ్‌హామ్ అనే డాక్టరు ఏకంగా ఐదంతస్తుల ఉక్కు బంతిని ఆస్పత్రిగా కట్టించాడు. లోపల ఒత్తిడి పెంచిన గాలి. మధుమేహం, క్యాన్సర్... అన్నీ నయమవుతాయన్నాడు. రుజువులేవని వైద్యసంఘం అడిగితే చూపించలేకపోయాడు. ఆ బంతి చివరికి తుక్కు కింద పోయింది!

మరి పార్శ్వనొప్పి సంగతి? ఆక్సిజన్ ఎక్కువైతే మెదడులో రక్తనాళాలు సన్నబడతాయి. ఆ నాళాలు ఉబ్బడమే ఈ నొప్పికి మూలమని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. అందుకే ప్రయత్నించారు. (ఇప్పుడు నాళాల కంటే నరాల మీదే అనుమానం ఎక్కువ.) 1995లో అచ్చయిన ఓ అధ్యయనంలో నొప్పి మీదున్న 20 మందికి ఆక్సిజన్ ఇచ్చారు. మామూలు పీడనంలో పీల్చిన పది మందిలో ఒక్కరికి ఉపశమనం కలిగింది. రెట్టింపు పీడనంలో పీల్చిన పది మందిలో తొమ్మిది మందికి! కరపత్రాలవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఆ తర్వాతి సంగతి కూడా వినాలి. 2015లో కాక్రేన్ సంస్థ ఇలాంటి ప్రయోగాలన్నీ కూడితే, వచ్చిన నొప్పి తగ్గుతుందనడానికి దొరికిన ఆధారం మూడు అధ్యయనాలు, 58 మంది. అదీ బలహీనమైన ఆధారమేనని తేల్చారు. అసలు నొప్పి రాకుండా ఆపుతుందనడానికి ఆధారమే కనబడలేదు. ప్యాకేజీలు అమ్మేది మాత్రం సరిగ్గా ఆ మాట మీదే! పోనీ, వచ్చిన నొప్పికే వాడదామంటారా? తెల్లవారుజామున నాలుగింటికి, వాంతులతో, వెలుతురు చూడలేని మనిషిని ఆటో ఎక్కించి ఆ గొట్టం దాకా తీసుకెళ్లేదెవరు? ఓ సుమాట్రిప్టాన్ మాత్ర ఇంట్లోనే పనిచేస్తుంటే (గుండె జబ్బున్నవాళ్లు వాడకూడదనుకోండి).

అమెరికా ఎఫ్‌డీఏ 2013లోనే ఈ గొట్టాల ప్రచారాన్ని నమ్మి మోసపోవద్దని హెచ్చరించింది. అందులో మైగ్రేన్ పేరు కూడా ఉంది. ప్రమాదం కూడా లేకపోలేదు. చెవుల్లో పోటు, అరుదుగా ఫిట్స్. ఆక్సిజన్ నిండిన చోట నిప్పురవ్వ పుడితే చెప్పేదేముంది... 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఇలాంటి గొట్టం అంటుకుని అయిదేళ్ల పిల్లాడు చనిపోయాడు.

ఆక్సిజన్ నిజంగా పనిచేసే తలనొప్పి ఒకటుంది. క్లస్టర్ తలనొప్పి. ఒక కంటి చుట్టూ పొడిచినట్టు నొప్పి, అదే కన్ను ఎర్రబడి నీరు కారడం, అదే వైపు ముక్కు దిబ్బడ. పార్శ్వనొప్పి మనిషి కదలకుండా పడుకుంటే, వీళ్లు కూర్చోలేక గదంతా తిరుగుతారు. దీనికి గొట్టమూ వద్దు, పీడనమూ వద్దు. మాస్కుతో నిమిషానికి 12 లీటర్ల చొప్పున పావుగంట పీలిస్తే చాలు. 2009లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో ఆక్సిజన్‌తో 78 శాతం దఫాల్లో ఆ పావుగంటకే నొప్పి పోయింది. ఉత్త గాలితో 20 శాతమే. చాలామంది దీన్ని సైనస్ అనో మైగ్రేన్ అనో ఏళ్ల తరబడి మోస్తుంటారు. మీ ఇంట్లో అలా రాత్రిపూట గదిలో పచార్లు చేసేవాళ్లుంటే, ఈసారి న్యూరాలజిస్టు దగ్గర ఆ పచార్ల సంగతి కూడా చెప్పండి.