ఖాళీ ఎడారిలో... ఖజానా వేట!

ఇసుక దిబ్బలు, గుర్రాలు, తుపాకులు, ఎక్కడో దాచిన నిధి... ఈ మాట వినగానే నాన్నల తరానికి సూపర్‌స్టార్ కృష్ణ గుర్తొస్తారు. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' కోసం రాజస్థాన్ ఎడారికి వెళ్లి మరీ షూటింగ్ చేశారు. అదే మాట ఇంట్లో ప్లేస్టేషన్ ఉన్న పిల్లల దగ్గర అనండి. 'అన్‌చార్టెడ్ 3' అంటారు!

అమెరికాకి చెందిన నాటీ డాగ్ సంస్థ 2011 నవంబరులో విడుదల చేసిన వీడియో గేమ్ ఇది. పూర్తి పేరు 'డ్రేక్స్ డిసెప్షన్'. 2007, 2009లలో వచ్చిన మొదటి రెండు భాగాలకి కొనసాగింపు. పాతదే అయినా సెలవులొస్తే చాలు, సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఏదో ఒక ఇంట్లో 'ఇది ఆడొచ్చా?' అని పిల్లలు, 'ఆడనివ్వొచ్చా?' అని పెద్దలు అడుగుతూనే ఉంటారు. ఈ వారం ఆ సంగతే చూద్దాం.

కథేంటంటే...

నేథన్ డ్రేక్ ఓ నిధుల వేటగాడు. అతనికి తోడు సల్లీ అనే పెద్దాయన. ఇరవై ఏళ్ల కిందట కొలంబియాలోని కార్తహేనా ఊళ్లో దిక్కులేకుండా తిరుగుతున్న కుర్రాడిని చేరదీసింది ఈయనే. కన్నతండ్రి కాదు కానీ అంతకంటే ఎక్కువ. ఇద్దరూ కలిసి ఇసుకలో కూరుకుపోయిన ఓ ప్రాచీన నగరం కోసం లండన్ నుంచి ఫ్రాన్స్, సిరియా, యెమెన్‌ల మీదుగా అరేబియా ఎడారికి చేరతారు. వెనకాలే మార్లో అనే మహిళ ముఠా. నిధి దొరుకుతుందా అన్నది ఒక ప్రశ్న. దానికోసం పెద్దాయన ప్రాణాన్ని ఎంతవరకూ పణంగా పెడతావన్నది అసలు ప్రశ్న. 'నీ మంకుపట్టు కోసం ఆయన్ని బలిపెడతావా?' అన్న నిలదీత కథలో పదేపదే వస్తుంది. కాల్పుల ఆటే అనుకుని కూర్చున్నవాళ్లని కూడా ఇక్కడ కాసేపు ఆపి ఆలోచింపజేస్తుంది.

ఖాళీ... మన మాటే!

కథలోని ఎడారి కల్పితం కాదు. పేరు రుబ్ అల్ ఖాలీ. అరబ్బీలో 'రుబ్' అంటే నాలుగోవంతు. 'ఖాలీ' అంటే మనం రోజూ వాడే 'ఖాళీ'నే! ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట అది. సౌదీ, ఒమన్, యెమెన్, ఎమిరేట్స్‌లలో దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఇసుక సముద్రం. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లాంటివి రెండు అందులో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది.

ఇక ఇరమ్ నగరం. స్తంభాల నగరంగా ఖురాన్‌లో దీని ప్రస్తావన ఉంది. ఒమన్‌లోని షిసర్ దగ్గర పాత కోట శిథిలాలు బయటపడ్డాయనీ, అదే ఉబార్ అనే మాయమైన నగరం కావచ్చనీ 1992లో ప్రకటించారు. అంతరిక్షం నుంచి తీసిన చిత్రాల్లో పాత ఒంటెల దారుల జాడలు చూసి ఆ చోటికి వెళ్లారు. కింద సున్నపురాయి గుహ కూలిపోవడంతో కోటలో కొంతభాగం అందులోకి కుంగిపోయిందని తేలింది. అదే ఇరమా కాదా అన్నదాని మీద పండితులకి ఏకాభిప్రాయం లేదు. అన్నట్టు, ఆ దారుల్లో ఒంటెల మీద వెళ్లింది బంగారం కాదు... సాంబ్రాణిలాగా నిప్పుల మీద వేస్తే గుప్పున పొగలొచ్చే పరిమళపు జిగురు! షిసర్‌తో సహా ఆ ప్రాంతాన్ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆటలో ఆధారాలిచ్చే నోటుపుస్తకం 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ.లారెన్స్‌ది. పుస్తకం కల్పితమే కానీ లారెన్స్ మాత్రం నిజం మనిషి. 1927-28లలో బ్రిటిష్ వైమానిక దళంలో మామూలు ఉద్యోగిగా అప్పటి మన దేశంలోని కరాచీ, మీరాన్‌షాలలో పనిచేశాడు కూడా.

గుక్కెడు నీళ్లు

విమానం పేలిపోయి ఎడారిలో పడ్డాక డ్రేక్ చేతిలో తుపాకీ ఉండదు, పక్కన మనిషుండడు. ఆటగాడు చేయాల్సింది ఒక్కటే... నడవడం. పగలు ఎండ, రాత్రి చలి, మధ్యలో ఎండమావులు. ఆశగా చేరిన బావిలో చుక్క నీరుండదు. నడిచి నడిచి మళ్లీ అదే బావి దగ్గరికే వచ్చామని తెలిసినప్పుడు ఆడేవాడి గొంతు కూడా ఎండిపోతుంది. మొత్తం ఆటలో గుర్తుండిపోయేది ఈ ఘట్టమే. ఇసుకలో కాలు దిగబడే తీరు, దిబ్బ జారే తీరు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటాయి.

సాగర్ ఎడమ కాలువ నిండుగా పారడం చూసిన మిర్యాలగూడ, కోదాడ పిల్లలకి దాహమంటే ఏమిటో ఈ పదినిమిషాలు చెబుతాయి. కాలువకి నీళ్లొదలని ఏడాది ఎలా ఉంటుందో తాతయ్యల్ని అడిగితే మిగతాది వాళ్లు చెబుతారు.

లోపాలూ ఉన్నాయి

కథ అక్కడక్కడా దారి తప్పుతుంది. ఓడదొంగలతో సాగే భాగం తీసేసినా కథకి నష్టం లేదు. క్లోయీ, కటర్ అనే చక్కటి పాత్రలు సగంలోనే మాయమవుతాయి. తుపాకీ గురి సరిగా కుదరడం లేదని అప్పట్లో ఆటగాళ్లు గోల చేస్తే, కంపెనీ ఆ నెలలోనే మార్పులు చేసింది.

పెద్దలు గమనించాల్సింది వేరే ఉంది. ఇందులో కాల్పులు చాలా ఎక్కువ. నవ్వుతూ జోకులేసే కథానాయకుడే వందలమందిని కాల్చేస్తాడు. అక్కడక్కడా బూతుమాటలు వినిపిస్తాయి. సల్లీ నోట్లో చుట్ట ఉంటుంది. సాలీళ్లు గుంపుగా మీదపడే సన్నివేశాలకి చిన్నపిల్లలు జడుసుకుంటారు. యూరప్‌లో దీన్ని 16 ఏళ్లు దాటినవారికీ, అమెరికాలో 13 దాటినవారికీ అని నిర్ణయించారు.

మంచి మాటొకటి. దీనికి ముగింపు ఉంది! ఫోన్లలో ఆడే ఆటల్లాగా రోజూ రమ్మని పిలవదు. ప్లేస్టేషన్ 4 కోసం 2015లో మూడు భాగాలూ కలిపి తెచ్చిన 'నేథన్ డ్రేక్ కలెక్షన్'లో ఆన్‌లైన్ పోటీలే లేవు. కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్లతో మాటలూ ఉండవు. పందెం కాసే గేమ్ అసలే కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది. వాటినీ వీటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంతకీ ఆడొచ్చా?

ఇంట్లో ప్లేస్టేషన్ 4 లేదా 5 ఉంటే ఆడొచ్చు. కలెక్షన్ రెండిట్లోనూ నడుస్తుంది. మొదటి భాగం వదిలేసినా ఫర్వాలేదు కానీ రెండోది ఆడాక దీనికి రండి, పాత్రలతో చనువు ఏర్పడుతుంది. ఇది కంప్యూటర్‌కి రాలేదు. 2022లో కంప్యూటర్‌కి వచ్చింది నాలుగో భాగం, దాంతోపాటు 'లాస్ట్ లెగసీ' మాత్రమే. పెట్టె మీద పేరు చూసుకోకుండా కొంటే డబ్బు దండగ. ఈ ఒక్క గేమ్ కోసమే కన్సోల్ కొనమని మాత్రం చెప్పలేం.

పదమూడేళ్లలోపు పిల్లలకి వద్దు. తొమ్మిది, పది తరగతుల పిల్లలైతే పెద్దలు పక్కన కూర్చుని ఆడించండి. కొత్తవాళ్ల కోసం కలెక్షన్‌లో బాగా తేలిక స్థాయి ఒకటుంది, అది పెట్టుకుంటే అమ్మ కూడా ఆడేయొచ్చు. మొత్తం 22 అధ్యాయాలు. ఆదివారానికి రెండు చొప్పున ఆడినా పదకొండు వారాల్లో పూర్తవుతుంది. ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే పక్కన పెట్టేయండి. ఎక్కడ ఆపారో అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది. ఇరమ్ నగరం ఎక్కడికీ పోదు!