అంబటి పొద్దు దాటితే... అరక విప్పాల్సిందే!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమోగానీ, మే నెలాఖరు నుంచి జూన్ మొదటివారం దాకా ఉండే ఆ పక్షం రోజులూ గడప దాటాలంటేనే గుండె దడ పుడుతుంది. మరి ఏసీలు లేవు, కూలర్లు లేవు, చాలా ఊళ్లకు అసలు కరెంటే లేదు... అప్పట్లో ఆ ఎండల్లో పనులెలా చేశారు?

జవాబు చిన్నదే. ఎండను గెలవాలని వాళ్లెప్పుడూ అనుకోలేదు. తప్పించుకున్నారు!

వేసవి వస్తే పల్లెలో పనివేళలే మారిపోయేవి. వేసవి దుక్కికైనా, చేలోకి పెంట తోలడానికైనా, ఎండిన చెరువులో పూడిక మట్టి ఎత్తడానికైనా తొలికోడి కూతతోనే బయల్దేరేవారు. పొద్దున అంబలి తాగే వేళను తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ‘అంబటి పొద్దు’ అంటారు. అది దాటి ఎండ ముదిరిందంటే అరక విప్పేయడమే. ఎద్దులు చెట్టు కిందికి, మనుషులు ఇంటికి. మళ్లీ పొద్దు వాలాకే పని. దూరప్రయాణం చేసే బళ్లయితే రాత్రిపూటే కదిలేవి. ఇరుసు కింద లాంతరు వేలాడదీసి ఒకదాని వెనక ఒకటి సాగిపోయేవి. గీత కార్మికులు తాడెక్కేదీ ఉదయం, సాయంత్రమే.

కుండలోనే మందు

ఇక తిండి. ఉత్తరాంధ్రలో తరవాణి, తెలంగాణలో జొన్న అంబలి, సీమలో రాగి అంబలి, ఊరూరా మజ్జిగ. పక్కన ఓ ఉల్లిపాయ. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. ఒట్టి నీళ్లు ఎన్ని తాగినా ఆ లోటు తీరదు. ఉప్పేసిన మజ్జిగ, అంబలి రెండింటినీ తిరిగిస్తాయి. నేటి ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనకున్న సూత్రమూ దాదాపు ఇదే.

మట్టికుండ చల్లదనంలోనూ చెమట రహస్యమే ఉంది. సన్నని రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఒంటిమీద చెమట చేసేదీ అదే పని. అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చెమట ఆరదు. రామగుండం పొడి ఎండకూ, కోస్తా ఉక్కపోతకూ తేడా అక్కడే.

నెత్తిన తలపాగా తప్పనిసరి. ఎండ నేరుగా తలమీద పడదు, తడిపి చుట్టుకుంటే చల్లగానూ ఉంటుంది. దారిన పోయేవారి కోసం చలివేంద్రాలుండేవి. ఇవి నిన్నమొన్నటివి కావు. శాతవాహనుల కాలంనాటి గాథాసప్తశతిలోనే, బాటసారులకు నీళ్లు పోసే చలివేంద్రపు పడుచు కనిపిస్తుంది!

నీడ అందరికీ దక్కలేదు

అలాగని పాతకాలమంతా చల్లగా గడిచిందనుకుంటే పొరపాటే. అరక ఎప్పుడు విప్పాలో సొంత రైతు ఇష్టం. జీతగాడికి ఆ ఇష్టం ఎక్కడిది? తెల్లదొరల బంగళాల్లో గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. లోపల పంకా ఊగుతుంటే దొర హాయిగా ఉండేవాడు. దాన్ని గంటల తరబడి లాగే మనిషి మాత్రం బయట వరండాలో కూర్చునేవాడు. ఉప్పు మడుల్లో పనిచేసేవారికైతే ఎండే పంట. వాళ్లు దాన్నుంచి ఎక్కడికి పారిపోతారు? అప్పట్లో వడదెబ్బకు ఎందరు పోయారో లెక్క పెట్టినవారూ లేరు.

లెక్కలు తెలిశాక గుండె జారింది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2015లో దేశం మొత్తంమీద రెండువేల మందికి పైగా ప్రాణాలు కోల్పోతే, అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వారే. అందులో ఎక్కువమంది కూలీలు, వృద్ధులు.

మజ్జిగ ఉంది, కుండ ఉంది, చలివేంద్రమూ ఉంది. లేనిది ఆ మధ్యాహ్నపు విరామమే. స్లాబు పని మధ్యలో ఆగదు. డెలివరీ కుర్రాడు ఆగితే ఆ పూట డబ్బులు రావు. పైగా ఒళ్లు ఎండకు అలవాటు పడాలంటే వారం నుంచి రెండువారాలు పడుతుంది. కొత్తగా పనిలో చేరిన మనిషికి మొదటిరోజు నుంచే పూర్తి పని చెబితే ప్రమాదమే.

కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి ఒక సంగతి తెలుసు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకూ ఎండలో పని చేయించడం నిషేధం. ఖతార్ 2021లో ఆ విరామాన్ని ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా పెంచింది. కేరళలోనూ కార్మికశాఖ వేసవిలో ఇలాంటి ఉత్తర్వులే ఇస్తుంటుంది. మన దగ్గర ‘మధ్యాహ్నం బయటికి రావద్దు’ అని ఏటా హెచ్చరిస్తారు. రోజుకూలీ ఆ మాట వింటే సాయంత్రం పొయ్యి వెలగొద్దా?

ఈ వేసవిలో మీ ఇంట్లో తాపీపనో, పెయింటింగో ఉంటే మేస్త్రీతో ఓ మాట చెప్పండి. ఆరింటికే మొదలుపెట్టి పదకొండింటికి ఆపమనండి, మిగిలింది పొద్దు వాలాక చూసుకోమనండి. కూలి మాత్రం కోయకండి. మజ్జిగ ఎలాగూ ఇస్తారుగా!