ఇంటికి దగ్గఱి చదువు

విజయనగరమున 1857లో వెలసిన మహారాజావారి పాఠశాల 1879లో కళాశాలయైనది. అయినను పల్లెటూరి యాడపిల్లకు పట్టణము చాలకాలము దూరముగనే యుండెను.

శ్రీకాకుళము చేరువ ఎచ్చెర్లలో 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయ మేర్పడినది. అచ్చటికి సమీపముననే, 2016లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పదవతరగతి ముగించిన పిల్లలకు వసతితోఁ గూడిన యాఱేండ్ల యింజనీరింగు చదువు కలదు. పెండ్లికి తొందరపడు తండ్రి కీ యాఱేండ్లు మంచి యడ్డుకట్ట యని మేము సంతసించుచున్నాము.

చదువు ముగిసిన పిదప నేమి? మన తీరపు జాలరులు గుజరాతులోని వేరావలు వఱకుఁ బోయి పరుల బోట్లపైఁ గూలి చేయుచున్నారు. అన్నదమ్ములు వలసపోయిన యింట, అమ్మాయికైనను దాపున నుద్యోగము దొరకునా యని తల్లి యాశ. పైడిభీమవరమున మందుల కర్మాగారము లున్నవి. రసాయనశాస్త్రము చదివిన బాలిక కవి దూరము కావు. కావున బిడ్డను కళాశాలలోఁ జేర్చునపుడు జీతమెంత యని మాత్రమే యడుగకుఁడు. ఏ కర్మాగారమునకుఁ గొనిపోయి పని చూపుదురో, నిరుడు చదివి వెడలినవారి కెందఱి కెచ్చటఁ బని దొరకెనో యడుగుఁడు. జవాబు కాగితముపై వ్రాసి యిమ్మనుఁడు.