మిత్రుని మరణమును దాచక దుఃఖించుట

1998వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన హవాయి ద్వీపములలో పాట్రిక్ డి గయార్డన్ అను ఫ్రెంచి దేశీయుడు విమానమునుండి దుమికి, పారాచూటు సరిగా విచ్చుకొననందున నేలబడి మరణించెను. అప్పటికాయన వయస్సు 38 ఏండ్లు. ఆకాశమునుండి దుముకు విద్యలో ఆ కాలమున ఆయనకు సాటివారు మిక్కిలి తక్కువ. కాళ్లకు పలక కట్టుకొని గాలిపై జారు క్రీడను లోకమునకు చూపినవారిలో ఆయన యొకడు. 1997లో వస్త్రపు రెక్కలు ధరించి, తాను దుమికిన విమానములోనికే గాలిలో తిరిగి ప్రవేశించి చూచువారిని నివ్వెరపరచెను.

ఇట్టివాని మరణమును గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయనేల యని తలిదండ్రులు కొందరు అడుగవచ్చును. మన విద్యార్థులలో విమానమునుండి దుముకువారు లేరు, నిజమే. అయినను, అట్టి మరణములకు ఆ క్రీడాకారులు దుఃఖించు విధమును మేము కొంతకాలముగా చదువుచున్నాము. మనవారి దుఃఖములో లేనిది యొకటి అందు కనబడినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఆ విద్యను గూర్చి కొంత చెప్పవలెను. సాధారణముగా నాలుగువేల మీటర్ల యెత్తునుండి దుమికినవాడు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగముతో క్రిందికి వచ్చును. ఒక్క నిమిషములో పారాచూటు తెరువవలసిన సమయము వచ్చును. చేతులకును నడుమునకును మధ్య, రెండు కాళ్ల మధ్య వస్త్రము కుట్టించుకొన్నచో దిగు వేగము సగమునకు తగ్గును, గాలిలో ముందునకు సాగవచ్చును. ఈ ఆశ చాలా పాతది. అమెరికా దేశపు క్లెమ్ సోన్ 1937లో పారిస్ చెంత వాన్సెన్ లోను, ఫ్రెంచివాడైన లియో వాలెంటిన్ 1956లో ఇంగ్లండు దేశమందలి లివర్‌పూల్ లోను రెక్కలతో ఎగురబోయి వేలాది ప్రేక్షకుల యెదుట మరణించిరి. గయార్డన్ కొయ్యను విడిచి, గాలితో నిండి ఉబ్బు వస్త్రముతోనే రెక్కలు చేయించెను. ఆయన దుమికిన ప్రతి దినమును క్రొత్త పరీక్షయే. తుదకు తన పారాచూటు సంచికి తానే యొక మార్పు చేసికొని, దానిని పరీక్షించుచు మరణించెను. ఆ మార్పులో దొరలిన పొరపాటే కారణమని తేలినది. గాలియు తప్పు చేయలేదు, విమానమును తప్పు చేయలేదు. అందరిలో నేర్పరియైన వాని చేతిలోనే ఆ తప్పు జరిగినది.

ఈ తుది మాటను ఆయన మిత్రులు దాచలేదు. మేము చెప్పదలచినది ఇదియే.

ఈ క్రీడాకారులకు సంతాప విధులు లేకపోలేదు. చనిపోయిన మిత్రుని చితాభస్మమును తీసికొని దుమికి, ఆకాశములోనే విడుచుట వారి ఆచారము. చేతులు చేతులు పట్టుకొని గాలిలో వలయముగా నేర్పడి, ఒక్క మనిషి పట్టు చోటు ఖాళీగా నుంచుటయు కలదు. ఆ ఖాళీ చోటును తలచుకొన్నప్పుడు మాకు హాజరు పట్టీలో పేరు పిలిచినపుడు పలుకు రాని క్షణము జ్ఞాపకమునకు వచ్చును. ఉపాధ్యాయులకు ఆ క్షణము తెలియును.

కాని వారి దుఃఖము అక్కడ ఆగదు. అమెరికా దేశపు పారాచూటు సంఘమువారు తమ మాసపత్రికలో ప్రమాదముల వృత్తాంతములను ప్రకటింతురు. అందు మృతుని పేరుండదు. ఎన్ని దుముకుల అనుభవము గలవాడు, ఏ పరికరము ధరించెను, ఏ యెత్తున ఏమి చేసెను, ఏది చేయవలసియుండి చేయలేదు, అను సంగతులు మాత్రముండును. తిట్టు లేదు, పొగడ్త లేదు. నిన్నటి దినము అతనితో కూడ భుజించినవారే ఈ దినము ఆ పుట చదివి, విమానమెక్కబోవుముందు ఒకరి వీపుపై నున్న సంచిని ఒకరు తడిమి చూతురు.

దీని ఫలము లేకపోలేదు. గయార్డన్ మరణించిన మరుసటి సంవత్సరమందే ఫిన్లండు దేశపు యారి కూస్మా, క్రొయేషియా దేశపు రాబర్ట్ పెచ్నిక్ అనువారు సామాన్య క్రీడాకారులు ధరింపదగిన రెక్కల దుస్తును తయారుచేసి, దానితో కూడ శిక్షణమును ఏర్పరచిరి. ఇప్పుడు ఆ సంఘపు నియమము ప్రకారము 200 దుముకులైనను పూర్తికానివాడు ఆ దుస్తు తొడుగరాదు. 1991లో జర్మనీలో వెలువడిన సైప్రెస్ అను చిన్న యంత్రము, మనిషి మూర్ఛిల్లినను, వేళ మరచినను, సుమారు 225 మీటర్ల యెత్తున ఇంకను అతివేగముగా పడుచున్నచో రెండవ పారాచూటును తానే విడుచును. 1970 నుండి 1979 వరకు అమెరికాలో ఏటికి సగటున నలుబదిమందికి పైగా ఈ క్రీడలో మరణించుచుండిరి. 2023లో 36 లక్షలకు పైబడిన దుముకులలో మరణించినవారు 10 మంది.

అయినను ఇందులో మానవ స్వభావమును గూర్చిన యొక చేదు నిజమును కలదు. పారాచూటును శీఘ్రముగా విడదీయు మూడు వలయముల పరికరమును కనిపెట్టిన బిల్ బూత్ అనునాయన, పరికరములు ఎంత క్షేమకరములైన అంత యెక్కువ సాహసమునకు మనుష్యులు తెగబడుదురని హాస్యముగా చెప్పియున్నాడు. అది హాస్యము మాత్రమే కాదు. చక్కగా విచ్చుకొన్న పారాచూటు క్రిందనే, నేలకు సమీపమున వేగముగా మలుపు తిరుగబోయి మరణించువారు ఈ కాలమున పెక్కుమంది. ఈ సంగతియు ఆ వృత్తాంతముల వలననే తెలిసినది. దాచియుంచినచో తెలియునా?

ఇక మన సంగతి. ప్రతి వేసవిలోను మన చెరువులలో, కాలువలలో బాలురు మునిగిపోవుచున్నారు. శిరస్త్రాణము లేక ముగ్గురు నలుగురు ఒక్క మోటారు సైకిలుపై పోయి ప్రాణములు పోగొట్టుకొనుచున్నారు. అప్పుడు మనము చేయునదేమి? మరునాడే కూడలిలో నిలువెత్తు పటము నిలుపుదుము. "బంగారమువంటి పిల్లవాడు" అందుము. "నుదుటి వ్రాత" అందుము. ఆ బాలునికి ఈత వచ్చునా, కాలువకు ఆ దినము నీరు విడిచినట్లు ఎవరికైనను తెలియునా, బండి తాళము చేతికిచ్చిన పెద్దలెవరు, అను ప్రశ్నలు అడుగుట మర్యాద కాదని యూరకుందుము. వచ్చు వేసవిలో అదే రేవున మరియొక బాలుడు దిగును.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట ఇట్టి ప్రశ్నలు వేయుట క్రూరము కాదా యని మీరనవచ్చును. ఔను, క్రూరమే. సమాధి దినమున ఎవరును వేయరాదు. చావింటిలో కూర్చుండి తప్పులెన్నువారిని మేమును చూచియున్నాము. వారి నోళ్లకు విచారణ యన్న గౌరవమైన పేరు పెట్టజాలము. కాని దినములు గడచిన తరువాతనైనను అడుగకుండుట ఆ తల్లి మేలుకొరకు కాదు, మన సౌకర్యము కొరకు.

దీనికి వేరైన దోషమింకొకటి కలదు. 1912 ఫిబ్రవరి 4వ తేదీన పారిస్ నగరమందలి ఐఫెల్ గోపురపు మొదటి అంతస్తునుండి, 57 మీటర్ల యెత్తునుండి, ఫ్రాంజ్ రైఖెల్ట్ అను దర్జీ తాను కుట్టిన పారాచూటు దుస్తుతో దుమికి మరణించెను. బొమ్మను పడవేయుదునని అధికారుల అనుమతి పొంది, తీరా ఆ దినమున తానే దుమికెను. స్నేహితులు వలదని బతిమాలినను వినలేదు. ఆ దృశ్యము చలనచిత్రముగా మిగిలియున్నది. మా తరగతి బాలురు కొందరు దానిని చేతిఫోనులో చూచి నవ్వుచుండగా మేము చూచితిమి. నూరేండ్లు దాటిన మరణమైనందున నవ్వు వచ్చినది కాబోలు. బతిమాలిన ఆ స్నేహితులు అక్కడనే నిలిచియుండిరని చెప్పగా బాలురు ఫోను మూసిరి. వారిని నిందింపము. చెప్పువారు లేనిచో ఎవరికైనను అది బొమ్మలాటవలెనే తోచును.

"పనిలేని ఆటకు ప్రాణమిచ్చినవానికి దుఃఖమేల?" అనువారికి మా ప్రత్యుత్తరము స్వల్పము. దుఃఖించువారు ఆటను పోగొట్టుకొనలేదు, మనిషిని పోగొట్టుకొనిరి. "తనకిష్టమైన పని చేయుచు మరణించెను, అదృష్టవంతుడు" అను ఓదార్పును కూడ మేము అంగీకరింపము. దుముకుట ఎంత యిష్టమో క్షేమముగా దిగుటయు వానికి అంత యిష్టమే. కాకున్నచో వీపున రెండవ పారాచూటు ఏల మోయును?

కాబట్టి ప్రధానోపాధ్యాయులవారికిని, వసతిగృహ పర్యవేక్షకులకును మాదొక మనవి. వసతిగృహములో నొక పుస్తకముంచవలెను. ఈత రేవులో, దారిలో, ప్రయోగశాలలో, ఆటస్థలములో జరిగిన ప్రమాదములను, త్రుటిలో తప్పిపోయిన ప్రమాదములను అందులో పిల్లలే వ్రాయవలెను. పేర్లు వ్రాయనక్కరలేదు. వ్రాసినందుకు ఎవరికిని దండన ఉండరాదు; ఈ షరతు లేనిచో ఒక్క పుటయు నిండదని ఉపాధ్యాయులుగా మేమెరుగుదుము. వేసవి సెలవులకు వెళ్లుటకు ముందు దినము ఆ పుస్తకమును సభలో చదివింపవలెను. తలిదండ్రులు ఆ దినమున వచ్చి వినుటకు ఇష్టపడుదురేని, వారికిని కుర్చీలు వేయింతుము.