బండి విప్పిన చోటే ఇల్లు

శివరాత్రికి సిర్గాపూర్ వైపు నుంచి ఏడుపాయల బయల్దేరేవాళ్లు బియ్యం మూట కంటే ముందు నీళ్ల బిందె సర్దుకోవాలి. మెదక్ జిల్లా నాగ్సాన్‌పల్లి దగ్గర, వనదుర్గమ్మ గుడి చుట్టూ మంజీర ఏడు పాయలుగా చీలే మాట నిజమే. కానీ ఎండలు ముదిరే ఆ రోజుల్లో ఎక్కువగా కనిపించేవి బండరాళ్లే. కొన్నేళ్లు సింగూరు నుంచి వదిలితేనే స్నానానికి నీళ్లు!

జాతర మూడు రోజులు. తొలిరోజు ఉపవాసం, జాగరణ. రెండో రోజు బండ్లు తిరుగుతాయి. మూడో రోజు రథోత్సవం. అన్నీ చూడాలంటే అక్కడే కాపురం పెట్టాలి కదా! ముందు చేరినవాళ్లకు చెట్టు నీడ. ఆలస్యమైతే రెండు బండల మధ్య దుప్పటి కట్టుకోవడమే. మూడు రాళ్లు పెడితే పొయ్యి. ఉప్పు అడగడానికొచ్చిన పక్క గుడారం ఆవిడ గంటలో వదిన అయిపోతుంది.

1990లో అమెరికాలోని నెవాడా ఎడారికి చేరిన ‘బర్నింగ్ మ్యాన్’ కళల పండుగలోనూ తిండి, నీళ్లు, నీడ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు చెత్త కూడా ఎవరిది వాళ్లే మోసుకుపోవాలి. ఈ రెండో నియమం మనవాళ్ల చెవినా పడితే బాగుండు. ఏడుపాయల దాటిన మంజీర వెళ్లేది నిజాంసాగర్‌కే.

అన్నట్టు, పాయల్లో నీళ్లుంటే పిల్లల్ని ఒంటరిగా దిగనివ్వకండి. బండల మధ్య లోతు పైకి తెలియదు.